ఒకే గిన్నె పాలు

4,016వ రోజు

ఈ రోజు పంపు నేనే తొక్కాను. నా మరిది ఎర్రయ్యకు నడుం పట్టేసిందట. ఆ నడుం సరిగ్గా నీళ్ళు తోడాల్సిన పూటే పట్టేస్తుంది, భోజనాల వేళకు వదిలేస్తుంది. మూడో బార్జి అడుగున నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. నిన్న చీలమండ దాకానే ఉన్నాయి. నాలుగు బార్జీలను కలిపి కట్టిన గొలుసుల్లో రెండు తుప్పుపట్టి సన్నబడ్డాయి. వచ్చే పెద్దగాలికి మా తేలూరు నిలవదు. ఆ సంగతి అరవై నాలుగు మందికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నా పేరు మైలపల్లి నూకరత్నం, వయసు అరవై ఒకటి, భర్త లేడు. చంటిపిల్లలకు పాలు పంచిన పాలగది నాది కాబట్టి ఈ రోజుపుస్తకం కూడా నాదే. పాలగదిలో పాలు లేక నాలుగేళ్ళు దాటింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇప్పుడు చేప ముళ్ళు తీసుకుని తింటున్నారు. అయినా పుస్తకం మానలేదు. ఒడ్డు మునిగిపోయిన రోజు నుంచి లెక్క ఇందులోనే ఉంది.

పది గంటలకు తీర మండలి పడవ వచ్చింది. పదకొండేళ్ళలో మా దగ్గరకు అధికారి రావడం ఇది మూడోసారి. ఈసారి వచ్చినామె పేరు హిమజ, ముప్పై ఏళ్ళుంటాయి. నిచ్చెన ఎక్కుతుంటే ఒక చెప్పు జారి సముద్రంలో పడింది. మిగిలిన ఒక్క చెప్పుతోనే నిలబడి మొత్తం ప్రకటన చదివింది. నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను.

నేల మీదికి రానిస్తారట. అయితే అందరినీ ఒక చోటికి కాదు. వేలి నుంచి నెత్తురు చుక్క తీసి యంత్రంలో పెడతారు. ఎవరి మూలం ఏ తీరమో అది చెబుతుంది. తెలుగు తీరంవాళ్ళు ఒకటో జాబితా, వంగతీరంవాళ్ళు రెండు, లంకవాళ్ళు మూడు.

"నాలుగోది కూడా ఉన్నాది కదమ్మా కాయితంలో, అదేటి?" అని అడిగాను.

"ఏ తీరమూ ఒప్పుకోనివాళ్ళండీ. అరకాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఈ బార్జీల్లో మంచిదొకటి చూసి అందులో ఉంచుతారు. దాన్ని లోపలి సముద్రంలోకి లాగుతారు."

"మంచిదేదో మాకూ సూపించు తల్లీ. పదకొండేళ్ళుగా ఎతుకుతన్నాం."

నా పక్కనే రషీదా నా మనవరాలు పైడికి జడ వేస్తోంది. అరకాన్‌వాళ్ళు మొత్తం పద్నాలుగు మంది, రషీదా వాళ్ళలో ఒకతె. ప్రకటన వింటూనే జడ పూర్తిచేసి, రబ్బరు బిగించి, పైడిని ఆడుకోమని పంపించింది.

4,017వ రోజు

చుక్కలు తీశారు. అందరూ ఆ యంత్రాన్ని చుక్కపెట్టె అంటున్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ వేలు పెడితే పచ్చదీపం వెలిగి జాబితా అంకె చూపిస్తోంది. ఎర్రయ్య అయితే పదో తరగతి పాసైనట్టు ఊరంతా తిరిగాడు.

"వదినా, ఒకటో జాబితా నాది."

"నీది మాత్రమేటి, నాదీ అదే. కూకో."

రషీదాకు నాలుగు వచ్చింది. ఆమె భర్తకు, అత్తమామలకు, చెల్లెలి కుటుంబానికి కూడా నాలుగే. యంత్రం మీద నాకు కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. అడిగినవాళ్ళ మీదే నా కోపమంతా.

తరువాత పిల్లల వంతు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ లోపువాళ్ళు పద్దెనిమిది మంది. మొదట పైడి వేలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. సూది మార్చి మళ్ళీ తీశారు. మళ్ళీ ఎర్రదీపమే. మన్నారు నుంచి వచ్చిన ఫిలోమినా కొడుకుకీ ఎర్రదీపం, సుందరబనాల మాలతి కవలలకీ ఎర్రదీపం, రషీదా చిన్నదానికీ అంతే. పద్దెనిమిది మందికీ ఒకటే వచ్చింది. 'నమూనా కలుషితం, ఒకరి కంటే ఎక్కువ మనుషులు' అని తెర మీద వచ్చింది.

హిమజ యంత్రం తుడిచింది, చేతులు కడుక్కుంది, పిల్లల చేతులు కడిగించింది. సాయంత్రం వెళ్ళిపోయేటప్పుడు నా వైపు అనుమానంగా చూసింది.

4,019వ రోజు

నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది.

మేం నమూనాలు చెడగొట్టామని మండలికి అనుమానం వచ్చింది. ఎవరో సూదుల్లో నెత్తురు కలిపారట. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, వాళ్ళ మనుషులే కొత్త సూదులతో మళ్ళీ తీశారు. పైడి ఏడవలేదు. ఫిలోమినా కొడుకు ఏడిస్తే వాడి చెయ్యి పట్టుకుంది. ఎర్రదీపమే వచ్చింది.

నేను ఈ పుస్తకం తీసుకెళ్ళి హిమజ ముందు పెట్టాను. ఎవరి బిడ్డ ఎవరో, ఎవరి పాలు ఎవరు తాగారో అన్నీ ఉన్నాయన్నాను. ఆమె కనీసం తెరవలేదు.

"కాగితాలు చెల్లవండీ. కిందటేడు వేరే ఓడల్లో ఎవరి పిల్లల్నో తమ పిల్లలని రాయించుకుని దిగారు. అప్పటినుంచి రూలు మారింది. ఎవరి కణం బిడ్డ ఒంట్లో బతికి ఉంటే ఆమే తల్లి. యంత్రం తల్లి అంటేనే తల్లి."

"మరి తల్లినీ బిడ్డనీ ఏరుసేస్తారేటి?"

"చెయ్యం. తల్లీబిడ్డలు, తోడబుట్టినవాళ్ళు, మొగుడూ పెళ్ళాలు ఒకే తీరానికి వెళ్ళాలి. అది కూడా రూలే."

పుస్తకం చదవదు కాబట్టి ఇక్కడే రాసి పెడుతున్నాను, ఎవరైనా చదువుతారేమో. 1,702వ రోజున పైడి పుట్టింది. నా కూతురు గౌరి నెత్తురు ఆగక నా చేతుల్లోనే పోయింది. అదే వారం పెద్దగాలి వచ్చి పాలపిండి డబ్బాలన్నీ కొట్టుకుపోయాయి. తేలూరులో చంటిపిల్లలు పద్దెనిమిది మంది, పాలున్న తల్లులు ఏడుగురు. పైడి ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పూట రషీదా వచ్చి, నన్ను అడక్కుండానే దాన్ని తీసుకుని రొమ్ముకు పట్టింది.

ఎర్రయ్య అప్పుడు అన్నమాట నాకింకా గుర్తే. "మన గుంటకి ఆళ్ళ పాలేటి వదినా?"

"నీ కాడుంటే నువ్వియ్యి" అన్నాను.

నేను ఒడ్డున ఉన్నప్పుడు ఆసుపత్రి తల్లిపాల నిధిలో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. అందుకే ఏడుగురి పాలూ ఒక గిన్నెలో పోయించి, పద్దెనిమిది మందికీ పంచడం మొదలుపెట్టాను. రషీదా మామ ఒక్క షరతు పెట్టాడు. వాళ్ళ ఆచారంలో ఒకే మనిషి పాలు తాగినవాళ్ళు తోబుట్టువుల కింద లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. కాబట్టి గిన్నెలో పోసిన ప్రతి మనిషి పేరూ పొద్దున్నే అందరూ వినేలా చెప్పాలన్నాడు. న్యాయంగానే తోచింది. రెండేళ్ళ పాటు ప్రతి ఉదయం పేర్లు చదివాను. మేనరికాలు పోతాయని మావాళ్ళు కొందరు సణిగారు. పిల్లలు బతికితే కదా మేనరికం.

4,020వ రోజు

మూడో బార్జిలో నీళ్ళు తొడ దాకా. ఎర్రయ్యే వచ్చి పంపు తొక్కుతున్నాడు, నడుం మాట ఎత్తలేదు. దాన్నిబట్టే ఎంత భయపడ్డాడో తెలిసింది.

4,022వ రోజు

హిమజ ఒంటరిగా వచ్చింది, ఈసారి బూట్లు వేసుకుని. పాలగదిలో నా ఎదురుగా కూర్చుంది. రషీదా గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది.

"మీ పుస్తకం ఇవ్వండి" అంది. తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగింది. "పాలు అరవై రెండు డిగ్రీల దగ్గర అరగంట వేడి చేశామని రోజూ రాశారు. నిజమేనా?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఏళ్ళ తరబడి భయపడ్డాను. అయినా అబద్ధం ఆడటానికి మనసు రాలేదు.

"నిజం కాదు. పచ్చిపాలే పట్టినాను. ఉన్న నూనె మంచినీళ్ళు కాయడానికే సాలేది కాదు. పాలు కాస్తే మంచినీళ్ళు ఉండవు, పాలిచ్చే ఆడదానికి నీళ్ళు లేకపోతే పాలుండవు. అందుకని కాయనేదు. అది తప్పని నాకు తెల్సు, అందుకే పుస్తకంలో ఏరేగా రాసినాను. ఇద్దరు పిల్లలకి రోగం ముదిరిపోనాది. బతికినారు గాని, బతక్కపోతే ఆ పాపం నాదే. రాసుకో తల్లీ, నేను తప్పించుకోను."

ఆమె రాసుకోలేదు. పుస్తకం మూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు నాకు చెప్పింది. తల్లిపాలలో తల్లి కణాలు బతికే ఉంటాయట. వేడి చేస్తే చస్తాయి. వేడి చేయని పాలు చంటిబిడ్డ తాగితే కొన్ని కణాలు ఒంట్లోకి దిగి అక్కడే కాపురం పెడతాయి. ఈ పద్దెనిమిది మంది రెండేళ్ళ పాటు ఏడుగురివి తాగారు. యంత్రం చెడిపోలేదు, ఎవరూ సూదుల్లో ఏమీ కలపలేదు. పైడి నెత్తురులో గౌరి కాక ఇంకో ఏడుగురు ఆడవాళ్ళున్నారు. ఫిలోమినా ఉంది, మాలతి ఉంది, రషీదా ఉంది.

"అయితే మీ రూలు ప్రకారం దీనికి ఎనమండుగురు తల్లులన్నమాట" అన్నాను.

"అదే చిక్కు" అంది హిమజ. "మండలి ఒప్పుకోదు. మధ్యేమార్గంగా ఒకటి పంపారు. పాలగిన్నె సంగతి అబద్ధమనీ, నమూనాలు మీ చేతిలో చెడ్డాయనీ మీరు సంతకం పెట్టండి. జుట్టు కుదుళ్ళు తీసి మళ్ళీ చూస్తాం. కన్నతల్లి ఎవరో తేలుతుంది. పైడి, మీరు ఒకటో జాబితా. మధ్యాహ్నానికి నేల మీద ఉంటారు."

వెంటనే కాదన్నానని రాస్తే అది గొప్పలకు పోవడం అవుతుంది. పదకొండేళ్ళుగా కాళ్ళ కింద ఊగుతూనే ఉంది. పైడి పుట్టాక మట్టి తొక్కలేదు. దానికి మన్నంటే పాలగదిలో ముంతలో వేసిన మెంతికూర కుదుళ్ళే.

అప్పుడు రషీదా మాట్లాడింది. ఆమె తెలుగు నా దగ్గరే నేర్చుకుంది, యాస కూడా నాదే.

"ఎట్టెయ్యి సంతకం పెద్దమ్మా. మేమెలాగూ పోతాం. గుంటనైనా నేలెక్కనీ."

ఆ మాటతో నాకు తిక్క రేగింది. హిమజ మీద కాదు, రషీదా మీద.

"నువ్వు నోర్ముయ్యి. అది ఏడిస్తే నన్నడిగి తీసుకున్నావా అప్పుడు? ఇప్పుడు సలహా ఎవులడిగినారు నిన్ను?" అని అరిచాను. తరువాత హిమజ వైపు తిరిగాను. "సంతకం పెట్టను. నా కూతురు పోనాది, మిగిలిన ఏడుగురు దీన్ని బతికించినారు. ఆళ్ళు తల్లులు కారని నా సేత్తో రాయమంటున్నారు. మీ మండలినే వొచ్చి రాసుకోమను. మీ రూలు మీరే పెట్టినారు, యంత్రం తల్లి అంటే తల్లే అన్నారు. ఆ ఏడుగురూ తల్లులే అంటాది అది. ఇప్పుడేటి, యంత్రం కూడా అబద్ధమాడతాందా?"

హిమజ నవ్విందో లేదో తెలియదు. పెదవి మాత్రం కదిలింది. మిగిలిన పిల్లల ఇళ్ళన్నిటికీ వెళ్ళి అదే కాగితం చూపించింది. మాలతి చింపేసింది. ఫిలోమినా మడిచి పొయ్యిలో పెట్టి ఆ మంట మీదే టీ కాచి, హిమజకు కూడా ఒక గ్లాసు ఇచ్చింది.

4,024వ రోజు

మండలి దిగివచ్చింది. వాళ్ళ రూలు వాళ్ళ మెడకే చుట్టుకుంది. మారుద్దామంటే ఇదివరకు ఆ రూలుతో దించినవాళ్ళందరి సంగతీ తిరగతోడాలి. పద్దెనిమిది మంది పిల్లలూ తోడబుట్టినవాళ్ళే అని ఒప్పుకున్నారు. ఆ పిల్లల తల్లులు, తండ్రులు, తాతలు, చిన్నాన్నలు, అందరూ ఒకే గొలుసు. దగ్గరున్నది తెలుగు తీరమే కాబట్టి మొత్తం అక్కడికే రావాలి. రేపు ఉదయమే, గాలి రాకముందే.

ఒక్కసారిగా అందరూ మాట్లాడేశారు. రషీదా నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎర్రయ్య రషీదా మామను భుజాల మీద ఎత్తుకోబోయి ఇద్దరూ కిందపడ్డారు.

హిమజ సద్దు అణిగేదాకా ఆగి, "అరవై మూడు మంది" అంది.

లెక్క తప్పిందని అనుకున్నాను. తప్పలేదు. బషీర్ మిగిలిపోయాడు.

బషీర్‌కు అరవై ఎనిమిదేళ్ళు. అరకాన్‌వాడే గాని రషీదా కుటుంబానికి ఏమీ కాడు. వేరే పడవ మునిగితే తేలుతూ వచ్చి మా గొలుసు పట్టుకున్నాడు. భార్యాబిడ్డలు ఆ పడవతోనే పోయారు. మా అందరి వలలూ బాగుచేసేది అతనే. నాకూ అతనికీ పడదు. చేపల కంపు వలలు తెచ్చి పాలగది కిటికీ ముందే ఆరేస్తాడు. తొమ్మిదేళ్ళుగా పోట్లాడుతున్నాను, తొమ్మిదేళ్ళుగా ఆరేస్తూనే ఉన్నాడు. గిన్నెతో సంబంధం లేదు, ఏ బిడ్డకూ ఏమీ కాడు. చుక్కపెట్టె అతనికి నాలుగు అంకె చూపించి ఊరుకుంది. ఒక్కడి కోసం బార్జి లాగరట, రేపు లోపలి సముద్రంలో ఇలాంటివాళ్ళను ఉంచే ఓడ ఎక్కిస్తారట.

"ఒక్క మనిషే కదా వదినా" అన్నాడు ఎర్రయ్య మెల్లగా. అతన్ని తిట్టబోయాను. కాని ఆ మాట నా మనసులోకి అంతకుముందే వచ్చి వెళ్ళింది. సిగ్గేసింది.

బషీర్ వలలో సగం వేసిన ముడి వదలకుండానే అన్నాడు. "నేనుంటా. నాకేం."

ఆ ముడి తప్పు పడితే విప్పి మళ్ళీ వేశాడు.

4,025వ రోజు

ఉదయం ఏడింటికే పెద్ద పడవ వచ్చింది. నిచ్చెన మొదట్లో బల్ల వేసుకుని హిమజ కూర్చుంది. ఒక్కొక్కరి పేరూ చదివి, ఎవరికి ఏమవుతారో రాసుకుని దించుతోంది. మూటలు సర్దుకుని అందరం వరుసలో నిలబడ్డాం. బషీర్ వరుసలో లేడు. కిటికీ ముందు తన చోటులోనే కూర్చున్నాడు.

వరుస ముందుకు కదలలేదు. మొదట నిలబడ్డ రషీదా, తన పేరు చెప్పకుండా, "ఆయన మా మేనమామ" అని బషీర్‌ను చూపించింది. హిమజ చుక్కపెట్టె తెచ్చి పరీక్షించింది. కాదంది యంత్రం. రషీదా పక్కకు జరిగిందే గాని నిచ్చెన దిగలేదు. మాలతి వచ్చి అన్నయ్య అంది. కాదంది యంత్రం. ఫిలోమినా పెదనాన్న అంది. ఎర్రయ్య కూడా వచ్చి తల గోక్కుని, "మా నాయన మొదటి పెళ్ళాం కొడుకు" అన్నాడు. మా మామగారికి ఒక్కటే పెళ్ళి. అయినా ఆ పూట నా మరిది మీద నాకు ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది. యంత్రం అందరికీ కాదనే చెప్పింది. ఎవరూ దిగలేదు.

"అమ్మా, ఇలా అయితే పడవ వెళ్ళిపోతుంది" అంది హిమజ నాతో. ఆమె గొంతులో బెదిరింపు లేదు, బతిమాలుతోంది. "గాలి వస్తోంది. అన్నా, మామా ఎవరన్నా సరే, నెత్తురు కలవకపోతే నేను రాయలేను."

బల్ల దగ్గరకు వెళ్ళాను. వెళ్ళేదాకా ఏం చెప్పాలో నాకే తెలియదు.

"రాసుకో. మైలపల్లి నూకరత్నం. ఆ కిటికీ కాడ కూకున్న మనిషి నా మొగుడు."

హిమజ కలం ఆగింది.

"పెళ్ళి ఎప్పుడైంది?"

"ఇప్పుడే. నువ్వు సూస్తన్నావు కదా."

"యంత్రం..."

"పెట్టు, పెట్టి సూసుకో. మొగుడిదీ పెళ్ళానిదీ నెత్తురు ఒకటవ్వాలని ఏ రూల్లో ఉందో సూపించు. ఒకటైతేనే తప్పు."

ఆమె రూళ్ళ పుస్తకం తెరిచి వెతికింది, నిజంగానే వెతికింది. మనుషులు ఒకరికొకరు ఏమవుతారన్నదానికి అన్నిటికీ యంత్రం ఉంది, దీనికి మాత్రం లేదు. ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒక సాక్షి ఉండాలి, అంతే.

బషీర్ ఈలోగా లేచి వచ్చాడు. "నన్నెవులు అడిగినారు?" అన్నాడు. అంత తెలుగు అతని నోట ఎప్పుడూ వినలేదు.

"అడిగితే కాదంటావు. అందుకే అడగలేదు."

"నువ్వు రోజూ నన్ను తిడతావు."

"పెళ్ళయ్యాక కూడా తిడతాను. ఒప్పుకుంటావా, ఒప్పుకోవా? అవతల గాలి వొస్తంది."

అతను నన్ను చూశాడు, వెనక నిలబడ్డ అరవై రెండు మందిని చూశాడు. ఒక్క మూట కూడా పడవలోకి చేరలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఖబూల్" అన్నాడు, ఒప్పుకున్నానని వాళ్ళ మాటలో, అదీ విసుగ్గా.

ఎర్రయ్య నా చెవి దగ్గరకు వచ్చాడు. "వదినా, పైనుంచి అన్న ఏటనుకుంటాడో."

"మీ అన్నే ఉంటే సాక్షి సంతకం ఆయనే ఎట్టును. ఇప్పుడు ఆయన బదులు నువ్వెట్టు."

పెట్టాడు. తరువాత దిగడం మొదలైంది. రషీదా, ఆమె పిల్లలు, మాలతి కవలలు, అందరూ దిగారు. పైడి చివరి మెట్టు దగ్గర ఆగి బషీర్‌ను తాతా అని పిలవాలా అని అడిగింది. పిలవమన్నాను.

అందరికంటే చివర నేను మిగిలాను. హిమజ ఇంకో కాగితం తీసింది. అది నాలుగో జాబితా. అందులో పేరు ఒక్కటీ లేదు. ఖాళీ కాగితానికి కూడా ఊరి తరఫున ఒక సంతకం కావాలంది, మండలి నియమమట. కలం తీసుకుని, ఎందరు అన్న గడిలో సున్నా చుట్టి, కింద నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను.